కొల్లేటి సీమలో వడగాడ్పులు: ఒక చారిత్రక పరిశీలన

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలంటారు. రోలు పగలడం నేను చూడలేదు గాని మనిషి కూలిపోవడం చూశాను. వేసవిని గురించి మన కావ్యాలలో వర్ణనలకు కొదవ లేదు. ఇంటి వైద్యంలో చిట్కాలకు కొదవ లేదు. పత్రికలలో ఏటేటా వచ్చే హెచ్చరికలకూ కొదవ లేదు. లేనిదల్లా ఎండకు చరిత్ర.

కరువుకు చరిత్ర ఉన్నది. 1832-33 నాటి నందన కరువునూ, 1876-78 నాటి ధాత కరువునూ జనం సంవత్సరాల పేర్లతో జ్ఞాపకం పెట్టుకున్నారు. ఉప్పెనకు చరిత్ర ఉన్నది. 1864 నవంబరులో బందరును ముంచెత్తిన ఉప్పెనలో సుమారు ముప్పయి వేలమంది పోయారు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను తెలుగువాడు మరచిపోలేడు. ఎండకు మాత్రం ఇటువంటి పేరు లేదు, తేదీ లేదు. ఉప్పెన ఒక రాత్రిలో ఊరికి ఊరినే తీసుకుపోతుంది. ఎండ ఒక్కొక్కరినే విడదీసి తీసుకుపోతుంది. పోయినవాడు వృద్ధుడైతే వయసు మీదికీ, తాగేవాడైతే తాగుడు మీదికీ, గుండె జబ్బు వాడైతే గుండె మీదికీ నెట్టివేస్తాము. ఈ విధంగా ఎండ ఎప్పుడూ నిర్దోషిగానే మిగిలిపోతుంది. ఎండలో నిలబెట్టిన పని సంబంధాలు అంతకంటె నిర్దోషిగా మిగిలిపోతవి.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు కలిసిన ఈ ప్రాంతాన్ని తీసుకుని ఆ చరిత్రను కొంతవరకు పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ప్రకృతి సంగతి తేల్చుకుందాం. ఏలూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు: మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి. సూర్యుడొక్కడే కారణమైతే ఆగస్టులో కూడా మేనెలంత వేడి ఉండాలి. ఉండదు. ఆగస్టునాటికి నైరుతి ఋతుపవనం వచ్చి మబ్బు కప్పుతుంది, నేల తడుస్తుంది. మేనెలలో నేల ఎండి ఉంటుంది. వచ్చిన వేడిలో నీటిని ఆవిరిచేయడానికి పోయేది స్వల్పం. మిగిలినదంతా నేలనూ గాలినీ కాల్చడానికే. మన రైతు ఈ సంగతిని సూత్రాలతో కాక కార్తెలతో గుర్తించాడు. కృత్తిక మే 11 ప్రాంతంలోనూ, రోహిణి మే 25 ప్రాంతంలోనూ, మృగశిర జూన్ 8 ప్రాంతంలోనూ ప్రవేశిస్తవి. కృత్తిక, రోహిణి కలిసిన ఆ నాలుగు వారాలే మనకు గండం. 2003లోనూ 2015లోనూ ఎక్కువమంది పోయింది ఈ వారాలలోనే.

రెండవది గాలి. ఏలూరు సముద్రానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఉదయం పడమటి గాలి వీస్తుంది. అది తెలంగాణా పీఠభూమి మీదుగా, ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల కాగిన నేల మీదుగా వస్తుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే ఆకివీడు, భీమవరం వైపు ముందు ప్రాణం లేచివస్తుంది. తరువాత ఏలూరుకు, చివరకు మెట్ట అంచున ఉన్న తాడేపల్లిగూడెానికి ఆ చల్లదనం కొంత అందుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి సాయంత్రం దాకా లోపలికి రాలేదు. వడగాడ్పు అంటే ఇదే.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. బంగాళాఖాతంలో తుఫాను లేచిందంటే చల్లబడుతుందని ఆశపడతాం. అది మన తీరానికి వస్తే నిజమే. బర్మా వైపో బెంగాలు వైపో తరలిపోతే మాత్రం తేమను తనవైపు లాక్కుని, భూమి మీది పొడి గాలిని మన మీదుగా నడిపిస్తుంది. 2003 మేనెలలో లేచిన తుఫాను ఆ నెల మూడో వారంలో బర్మా తీరాన్ని తాకింది. ఆ తరువాతనే ఆంధ్ర దేశంలో మరణాలు ఎక్కువైనవి.

మూడవది తేమ. మనిషి శరీరం తన వేడిని 37 డిగ్రీల దగ్గర నిలుపుకోవడానికి చెమట మీద ఆధారపడుతుంది. చెమట పట్టినంత మాత్రాన చల్లబడదు. ఆ చెమట ఆరాలి. కొత్తగూడెంలో 44 డిగ్రీల పొడి ఎండలో చెమట వెంటనే ఆరుతుంది, అయితే ఒంట్లో నీరు తరిగిపోతుంది. కొల్లేటి లంకలో 39 డిగ్రీల దగ్గర చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు. ఉక్కపోత అని మనం తేలికగా అనే మాటలో ఉన్న ప్రమాదం ఇదే. అందుకే వాతావరణ శాఖవారు మైదానాలలో 40 డిగ్రీలు దాటితేనే వడగాడ్పు విషయం పరిశీలిస్తారు గాని, తీర ప్రాంతాలలో 37 డిగ్రీల నుంచే పరిశీలిస్తారు. ఆ రోజుకు ఉండవలసిన వేడి కంటె 4.5 డిగ్రీలు మించితే వడగాడ్పు, 6.4 డిగ్రీలు కూడా దాటిపోతే తీవ్రమైన వడగాడ్పు. కనుక "నిన్న అక్కడ 45 ఉన్నది, మనకు 40 మాత్రమే గదా" అనే ఊరట శాస్త్రీయం కాదు.

ఈ వేడిని కొలవడం మన దేశంలో ఎవరు, ఎందుకు మొదలుపెట్టారు? ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చిన కొద్దికాలానికే, 1780లలో, సామర్లకోటలో ఉండిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు వర్షాన్నీ వాతావరణాన్నీ పద్ధతిగా వ్రాసిపెట్టాడు. 1789-92 నాటి అనావృష్టిని గురించి గోదావరి ప్రాంతంలో మనకు మిగిలిన శాస్త్రీయ సాక్ష్యం ఆయనది. మద్రాసు నక్షత్రశాల 1792లో ఏర్పడింది. అఖిల భారత వాతావరణ శాఖ 1875లో వచ్చింది. దానికి ముందు 1864లో కలకత్తా తుఫాను, 1866లో ఒరిస్సా కరువు సంభవించినవి. 1899 కరువు తరువాత, 1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ఋతుపవనం ఎందుకు తప్పుతుందో వెతకబోయి, పసిఫిక్ మహాసముద్రపు వాయు పీడనానికీ మన వానలకూ గల సంబంధాన్ని కనిపెట్టాడు. ఇది గొప్ప విజ్ఞానం, కాదనడానికి వీలులేదు. ఓడలు మునగకుండా, శిస్తు తగ్గకుండా చూసుకోవలసిన అవసరం ఈ విజ్ఞానానికి ఊపిరి పోసిందని కూడా మరువరాదు. నడి ఎండలో పనిచేసే మనిషి ఒంటి వేడి ఆనాటి లెక్కలలో ఎక్కడా లేదు.

అంతమాత్రాన తెల్లదొరలకు ఎండ భయం లేదనుకోరాదు. పడమటి గాలికి వారు "ల్యాండ్ విండ్" అని పేరుపెట్టి వణికారు. మద్రాసు ప్రభుత్వం వేసవి వచ్చిందంటే ఉదకమండలం కొండలెక్కేది. కొండలెక్కలేని చిన్న దొరలకు కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు, నెత్తిమీద గుడ్డ పంకాలు ఉండేవి. తడికెలు ఆరిపోకుండా నీళ్ళు చల్లే మనిషి బయట ఎండలో ఉండేవాడు. పంకా తాడు లాగే మనిషి వరండాలో కూర్చునేవాడు. కచ్చేరీలో న్యాయాధిపతికి చల్లదనం, పంకా లాగేవానికి చెమట. ఒకరి చల్లదనాన్ని మరొకరి శ్రమ తయారుచేసిన దృశ్యం ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. నేటి శీతల యంత్రం ఆ తాడును కనబడకుండా చేసింది. గది లోపలి వేడిని అది వీధిలోకి నెడుతుంది, వీధిలో బండి తోసేవాడు ఆ వేడిని భరిస్తాడు.

దొరలకు పూర్వం మనవారు ఏం చేశారు? సాహిత్య విద్యార్థులకు ఇక్కడ రెండు సాక్ష్యాలు గుర్తు చేస్తాను. హాలుని గాథాసప్తశతిలో చలివేంద్రం దగ్గర బాటసారికి నీళ్ళు పోసే యువతి ఉన్నది. ఆ గాథను మనం శృంగారానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తాం. దాని వెనుక దారి పొడుగునా దాహంతో నడిచే జనమూ, వారికి నీళ్ళు పోసే ఏర్పాటూ ఉన్నవని విద్యార్థులకు చెప్పం. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వేసవిలో పెట్టే భోజనం చూడండి. పలుచని అంబలి, చెరకు పాలు, లేత కొబ్బరి నీళ్ళు, పండ్లు, చల్లని మంచినీళ్ళు, నీరుచల్ల అందులో ఉన్నవి. ఒంటి నుంచి పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి పోయాలని నేటి వైద్యుడు చెప్పే మాటకు, పదహారో శతాబ్దపు ఆ వడ్డన చాలా దగ్గరగా ఉన్నది. కూలి ఇండ్లలో గంజి, తరవాణి, ఉప్పు వేసిన మజ్జిగ ఇదే పని చేసినవి. కనుక ప్రజలకు తెలివి లేక చనిపోతున్నారనే వాదం నిలవదు. ఆ తెలివిని ఆచరణలో పెట్టే తీరిక ఎవరి చేతిలో ఉన్నది అనేదే అసలు ప్రశ్న. చలివేంద్రం దయాదాక్షిణ్యం మీద నడిచిన ధర్మం. దాత ఉన్న చోట అది ఉంటుంది. లేని చోట అడిగే హక్కు ఎవరికీ లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయింది. కాలువలు వచ్చినవి, కరువు భయం తగ్గింది. కాటన్ పేరు గోదావరి ప్రజలు కృతజ్ఞతతో తలచుకోవడం న్యాయమే. కాని నీరు వచ్చాక పని క్యాలెండరు కూడా మారింది. ఒక్క సార్వా పంట ఉన్నంతకాలం కోతలు చలికాలంలో జరిగేవి. ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా 1960ల తరువాత పొట్టి వంగడాలు వచ్చి దాళ్వా విస్తరించాక, కోత, నూర్పిడి, బస్తాల ఎగుమతి ఏప్రిల్ ఎండలోకి జరిగినవి. ఈనాడు యంత్రం కోస్తుంది, నిజమే. కళ్ళంలో ధాన్యం ఎండబెట్టేదీ, ఎగదోసేదీ, లారీకెత్తేదీ మనిషే.

దాళ్వా కోతలు కాగానే కాలువలు కట్టివేస్తారు. మరమ్మతులకు అది అవసరమే. అయితే ఏడాదిలో అతి వేడిగా ఉండే వారాలూ, కాలువలో నీరు లేని వారాలూ ఒకటే అవుతున్నవి. ఊరి మంచినీళ్ళ చెరువు అంతకుముందే నింపుకుని ఉండాలి. నింపిన నీరు జూను దాకా రావాలి. కొల్లేటి లంకల సంగతి మరీ విచిత్రం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరు వేసవికి తగ్గిపోతుంది. ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు పైకి పాకుతుంది. చుట్టూ నీరున్న ఊళ్ళో తాగడానికి బిందెడు నీరు బయటినుంచి తెచ్చుకోవలసి వస్తుంది.

కొల్లేరు స్వరూపం కూడా మారింది. 1970లలో మొదలైన చేపల చెరువులు తరువాతి రెండు దశాబ్దాలలో సరస్సును ఆక్రమించినవి. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ ఒడంబడిక జాబితాలో చేర్చారు. 2005-06లో గట్లు కొట్టివేశారు. పక్షులను గురించీ, చేపలను గురించీ, ఓట్లను గురించీ ఎన్నో చర్చలు జరిగినవి. ఆ గట్ల మీద పనిచేసే మనిషిని గురించి జరిగిన చర్చ తక్కువ. చెరువులు ఎండగట్టి మట్టి ఎత్తి గట్లు పోసే పని వేసవిలోనే వస్తుంది. గట్టు మీద చెట్టు నీడ అరుదు. కింద నీరు, పైన ఎండ. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. యజమాని వెంటనే యంత్రం పెట్టి నీటిని చిలికిస్తాడు, ఎందుకంటే చేప పోతే నష్టం అతనిది. మనిషి నోరు తెరిస్తే ఎవరి నష్టం?

ఈ సందర్భంలో గుత్త పని గురించి ఒక మాట చెప్పాలి. దినకూలికి ఒక వేళ ఉన్నది. తొలికోడి కూసినప్పుడు పొలంలో దిగి, ఎండ ముదిరేసరికి గట్టెక్కడం పాత ఆచారం. గుత్తకు వేళ లేదు. ఎకరానికి ఇంత, బస్తాకు ఇంత అని బేరం కుదిరాక, మధ్యాహ్నం కూర్చున్నవాడు తన కూలిని తానే కోసుకున్నట్టవుతుంది. పైకి చూస్తే అతనిని ఎవరూ బలవంతం చేయలేదు. తాడేపల్లిగూడెం మార్కెట్టులో ఉల్లి బస్తాలు మోసే ముఠా మనిషికీ ఇదే సూత్రం. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని ఒక నమ్మకం ఉన్నది. అది నిజమైతే ఆ ముఠా మనిషికి జన్మలో వడదెబ్బ తగలరాదు.

ఇక లెక్కల విషయం. 2002 మేనెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2003లో 1,200 మందికి పైగా. 2015లో, విభజన తరువాత, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పిన సంఖ్య 1,369, తెలంగాణాలో 541. కుటుంబానికి లక్ష రూపాయల సహాయం ప్రకటించారు. సహాయం కావాలంటే మరణం వడదెబ్బ వల్లనే అని అధికారులు ధృవీకరించాలి. పొలంలో పడిపోయి, ఇంట్లో చనిపోయి, ఆ సాయంత్రమే దహనమైపోయిన మనిషికి ధృవపత్రం ఎక్కడిది?

అదే 2003 వేసవిలో ఫ్రాన్సు దేశంలో కూడా వడగాడ్పులు వీచినవి. అక్కడ సుమారు పదిహేను వేలమంది పోయారని లెక్క తేలింది. మనకంటె అక్కడ ఎండ ఎక్కువా? కాదు. వారు ధృవపత్రాలు లెక్కపెట్టలేదు. మామూలు ఏళ్ళలో ఆ రోజులలో ఎందరు చనిపోతారు, ఆ ఏడు ఎందరు చనిపోయారు అని తీసివేత చేశారు. పోయినవారిలో అధికులు ఒంటరిగా ఉండే వృద్ధులు. 1995లో చికాగో నగరంలో ఇదే పద్ధతిలో 739 మంది తేలారు; అక్కడా పేదలు, ఒంటరివారు. మన దేశంలో అహమ్మదాబాదు నగరానికి 2010 మేనెలకు ఈ తీసివేత చేస్తే, ఒక్క నగరంలో ఒక్క నెలలో 1,344 మంది అదనంగా చనిపోయినట్లు వెల్లడైంది. ఆ లెక్క చూసిన తరువాత ఆ నగరం 2013లో వడగాడ్పుల ప్రణాళిక వేసుకున్నది. దీనినిబట్టి మన 1,200, 1,369 అనే సంఖ్యలు మరణాల సంఖ్యలు కావనీ, ధృవపత్రాల సంఖ్యలనీ గ్రహించాలి. లెక్క తక్కువైన చోట బాధ్యత కూడా తక్కువవుతుంది.

చట్టం ఏమన్నది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనిశాలలో వేడి మితంగా ఉండాలన్నది. 250 మందికి మించి పనిచేసే చోట వేసవిలో చల్లని మంచినీరు ఇవ్వాలన్నది. అంటే నెత్తిమీద కప్పు ఉన్న కార్మికునికి వేసవి ఉన్నదని చట్టం గుర్తించింది. కప్పు లేనివానికి గుర్తించలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మట్టిపని చేసే చోట నీడ, మంచినీరు, ప్రథమ చికిత్స ఉండాలని వ్రాసింది. వేసవి నెలలలో పని కొలత తగ్గించి కూలి నిలబెట్టే పద్ధతి కూడా మన రాష్ట్రంలో కొంతకాలం నడిచింది. ఎండలో మనిషి పని తగ్గడం సోమరితనం కాదు, శరీర ధర్మం అని ప్రభుత్వం అంగీకరించిన అరుదైన సందర్భం అది.

గోదావరి జిల్లాల నుంచి ఎందరో పొట్టకూటికి కువైత్ వెళ్ళారు. అక్కడ జూను నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించరాదని నిషేధం ఉన్నది. అమలులో లోపాలుండవచ్చు, నిషేధమంటూ ఒకటున్నది. పరాయి దేశపు ఎడారిలో మన కూలికి దొరికిన మధ్యాహ్నం, సొంత ఊరి పొలంలో దొరకలేదు. మన ప్రభుత్వాలు ఇచ్చే హెచ్చరికలు మండలాల వారీగా ఫోనుకే వస్తున్నవి. మెచ్చుకోవలసిందే. "మధ్యాహ్నం బయటికి రావద్దు" అని అందులో ఉంటుంది. గుత్తకు ఒప్పుకున్న మనిషి ఆ సలహా చదువుకుని, ఫోను జేబులో పెట్టుకుని, మళ్ళీ బస్తా ఎత్తుకుంటాడు.

2015 మేనెలాఖరున ఏలూరులో మా ఎదుటి స్థలంలో ఇల్లు కడుతున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇటుకలు మోసే ఒక మనిషి తూలి, తోటివారితో పొంతన లేని మాటలాడాడు. "పగలే తాగాడు" అని నవ్వారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక వృద్ధురాలు మాత్రం అతని నుదుటిమీద చెయ్యివేసి, కేకవేసి, నీడకు లాగించి, రెండు బిందెలు కుమ్మరించింది. ఆస్పత్రికి చేర్చారు, బ్రతికాడు. ఎం.ఏ. చదువుకున్న నాకు తెలియనిది ఆమెకు తెలిసింది.

ఉపాధ్యాయులు, విద్యార్థులు ముందుగా నేర్వవలసినదీ, నేర్పవలసినదీ ఇదే. శరీరపు వేడి 40 డిగ్రీలు దాటితే మొదట చెడేది మాట, నడక, తెలివి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోరాదు. కష్టపడి పనిచేసేవానికి చెమట పడుతుండగానే అది రావచ్చు. నీడకు చేర్చాలి, బట్టలు వదులు చేయాలి, ఒళ్ళంతా తడిపి విసరాలి, మెడకూ చంకలకూ తడిగుడ్డలు వేయాలి, 108కి కబురు చేయాలి. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. ఎండకు శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కనుక కొత్తగా పనిలోకి వచ్చినవాడు మొదటి రోజులలో ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

అయితే ఇది సగం పాఠమే. మార్చి నడిమికి మన పిల్లలకు ఒంటిపూట బడులు పెడతాం. మధ్యాహ్నపు ఎండ బిడ్డలకు తగదని సమాజమంతా ఒప్పుకున్నది. దానికి ఎవరూ జీతం కోసుకోలేదు, పాఠం ఆగిపోలేదు. ఆ బిడ్డ తల్లి అదే ఎండలో కళ్ళంలో ధాన్యం ఎగదోస్తున్నది. బిడ్డకు ఒప్పుకున్న సత్యం తల్లికి ఎందుకు ఒప్పుకోము? కూలి కోత లేని మధ్యాహ్న విరామం, పని దగ్గర నీడ, కాలువ కట్టే ముందే నిండిన మంచినీళ్ళ చెరువు, తీసివేత పద్ధతిలో మరణాల లెక్క, ఈ నాలుగూ దానధర్మాలుగా కాక హక్కులుగా రావాలి. చలివేంద్రం పెట్టినవారికి నమస్కరిద్దాం. కాని కుండ పక్కన నిలబడి నీళ్ళు తాగడానికి కూలివానికి తీరిక కూడా ఇవ్వమని అడుగుదాం.